నీళ్లలోంచి వచ్చింది నీళ్లలోకే పోవాలా? చేప వ్యర్థాలపై అపోహలు, వాస్తవాలు

చెరువుల్లో నీటి పరీక్షలు చేయడం నా పని. గట్టు మీద గాలం వేసుకుని కూర్చున్నవాళ్లతో మాట కలిపితే చాలు, ఇదే వినిపిస్తుంది: "నీళ్లలోంచి తీసిందే కదండీ, నీళ్లలోకే వేస్తున్నాం. మిగతా చేపలు తినేస్తాయి." చెడ్డ ఉద్దేశంతో అనే మాట కాదిది. అయినా దీనివల్ల జరిగే నష్టాన్ని కళ్లారా చూశాను కాబట్టి ఎక్కువగా దీని గురించే రాస్తాను.

అపోహ: పేగులు, తలలు చెరువులో వేస్తే చేపలకు మేత అవుతుంది

కొంతవరకు అవుతుంది. పీతలు, తాబేళ్లు కూడా వచ్చి తింటాయి. కానీ ఎంత తింటాయి? ముల్లు లేకుండా కండ మాత్రమే కోసుకుంటే చేప బరువులో సగానికి పైగా తల, ముల్లు, తోలు, పేగులుగా మిగిలిపోతుంది. పది కిలోలు పట్టినవాళ్లు ఐదారు కిలోలు ఒకే మెట్టు దగ్గర పారబోస్తారు. పక్కవాళ్లూ అక్కడే కడుగుతారు. తినగా మిగిలింది అడుక్కి చేరి కుళ్లుతుంది.

అసలు చిక్కు అక్కడే ఉంది. కుళ్లబెట్టే బ్యాక్టీరియాకి ఆక్సిజన్ కావాలి. అది నీళ్లలో కరిగి ఉన్నదాన్నే వాడుకుంటుంది. దాన్నే మేము డీఓ అంటాం. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరుగుతుంది, 30 డిగ్రీలకు ఏడున్నరే. అంటే ఎండాకాలంలో ఉన్నదే తక్కువ, కుళ్లడం మాత్రం వేగంగా జరుగుతుంది. 5 ఉంటే చాలా చేపలు హాయిగా ఉంటాయి. 3 కిందికి దిగితే అవస్థ మొదలవుతుంది. రాత్రిపూట నాచు కూడా ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారేసరికి డీఓ అట్టడుక్కి వస్తుంది. అందుకే సాయంత్రం గాలం వేసి వెళ్లినవాళ్లకు ఏమీ కనపడదు. పొద్దున్నే వచ్చినవాళ్లకు కనపడుతుంది.

ఒకసారి అలాగే ఇంకా వెలుగు రాకముందే ఫోన్ వచ్చింది. చిన్న చెరువు, చూసుకునే ఆయన పెద్దాయన. నేను వెళ్లేసరికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తున్నాయి. "ఎవరో మందు కలిపారు బాబూ" అని ఆయన చేతులు వణుకుతున్నాయి. చెరువు మధ్యలో డీఓ తక్కువే, కానీ ఫరవాలేదు. మెట్ల దగ్గర మీటర్ దింపితే 2 కూడా రాలేదు. కర్రతో అడుగున కదిపాను. తెల్లటి బూజు పట్టిన తలలు, ఉబ్బిన గాలితిత్తులు, పొలుసులు ముద్దగా పైకి లేచాయి. కుళ్లిన గుడ్ల వాసన. ముందు రెండు రోజులు సెలవులు, గాలం వేయడానికి జనం బాగా వచ్చారట. పైగా రాత్రంతా మబ్బు, గాలి లేదు. మందూ లేదు, పగా లేదు. ఆ ముద్దంతా వలతో తీయించి, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్ తెప్పించి తిప్పాక గానీ ఆయన గట్టు మీద కూర్చోలేదు.

ఆక్సిజన్ ఒక్కటే కాదు. కుళ్లిన మాంసంలోంచి అమ్మోనియా వస్తుంది, చేపల మొప్పలకు అది విషం. ముల్లులో ఉన్న భాస్వరం మెల్లగా నీళ్లలోకి దిగి నాచును పెంచుతుంది.

లోతైన సముద్రంలో, ఒడ్డుకు దూరంగా, పడవ కదులుతుండగా కొద్దికొద్దిగా వదలడం వేరు. అక్కడి నిబంధనలు ఒప్పుకుంటే అది చేయవచ్చు. రేవులో కట్టేసిన పడవ పక్కన పోయడం మాత్రం చెరువులో పోయడం లాంటిదే. మొసళ్లు తిరిగే చోట అయితే నీటి అంచున చేప కోయనే వద్దు. వాసన పట్టిన మొసలి అదే చోటికి మళ్లీ వస్తుంది.

అపోహ: చచ్చిన చేపకు జబ్బేమిటి, ఫ్రిజ్‌లో పెట్టాక ఇంకేముంది

ఈ మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది. రొయ్యల తెల్లమచ్చ వైరస్ గడ్డకట్టించినా చావదు. ట్రౌట్ చేపలకు వచ్చే వర్లింగ్ డిసీజ్ క్రిములు చచ్చిన చేపలోంచి బయటపడి బురదలో ఏళ్ల తరబడి బతుకుతాయి. ఒక చెరువులో పట్టిన చేప తలను ఇంకో చెరువులో ఎరగా వాడకండి, అక్కడ కడగకండి. వాట్సాప్‌లో ఏ సందేశం తిరిగినా సరే.

అపోహ: గట్టు మీద వదిలేస్తే కుక్కలు, పక్షులు శుభ్రం చేస్తాయి

చేస్తాయి, లోపల ఉన్న గాలాన్ని కూడా మింగి. నైలాన్ దారం కాలికి చుట్టుకుని వేలాడుతున్న కొంగను నేను స్వయంగా విడిపించాను. దారం చర్మంలోకి దిగి ఎముక కనిపించింది. వ్యర్థాలు ఎక్కడ వేసినా ముందు గాలం, సీసం, దారం తీసేయండి.

అపోహ: పైన మట్టి కప్పి సున్నం చల్లితే త్వరగా కరిగిపోతుంది

సున్నం వాసన తగ్గిస్తుంది, కుళ్లడాన్ని వేగం చేయదు. బావికి, చెరువుకు, ఏటికి కనీసం అరవై మీటర్ల దూరంలో, రెండడుగుల లోతు గొయ్యి తీసి మట్టి గట్టిగా తొక్కండి. అడుగు లోతు కుక్కకు ఒక్క నిమిషం పని. నీళ్లు పైకే ఊరే నేల అయితే పూడ్చవద్దు.

కంపోస్ట్ కంపు కొడుతుందని భయపడేవాళ్లకు: పొడి పదార్థం తక్కువైతేనే కంపు. చేపలో నత్రజని చాలా ఎక్కువ, అందుకని ఒక బకెట్ వ్యర్థాలకు మూడు బకెట్ల రంపపు పొట్టో ఎండుటాకులో కలిపి, పైన ఇంకో జానెడు కప్పండి. కుప్ప లోపల 55 డిగ్రీల వేడి మూడు రోజులైనా నిలవాలి. ఉప్పు చేప మాత్రం వేయకండి.

ఇవేవీ కుదరకపోతే రెండు కవర్లలో గట్టిగా కట్టి, చెత్తబండి వచ్చే రోజు దాకా ఫ్రీజర్‌లో పెట్టండి. నీచు వాసన రాదు.

"చేప కడుగుతుంటే తల జారి చెరువులో పడిపోయిందండీ, ఏమైనా అవుతుందా?" అని ఒకమ్మాయి రాత్రి పదకొండు గంటలకు మెసేజ్ పెట్టింది. ఏమీ కాదమ్మా. పెద్ద చెరువుకు ఒక్క తల లెక్కలోకి రాదు, టెన్షన్ పడకుండా పడుకో అని రాశాను. మర్నాడు ఆ పెద్దాయన చెరువుకు వెళ్తే మెట్ల పక్కన మూత ఉన్న డ్రమ్ము, దాని మీద రంపపు పొట్టు బస్తా పెట్టి ఉన్నాయి. డ్రమ్ము సగానికి పైగా నిండింది.