స్టార్ ట్రెక్ ఆడకపోతే మీకేంది అని అడిగినవాళ్ల కోసం

2016 జూలై 25, సోమవారం పొద్దున. కాజీపేట స్టేషన్ బయట చాయ్ బండి దగ్గర అన్న తన ఫోన్ నా ముందుకు జరిపాడు. సొంత అన్న కాదు, రైల్వేలో పనిచేస్తాడు, డీజిల్ కాలనీలో ఉంటాడు, స్టార్ ట్రెక్ అనే అమెరికా అంతరిక్ష కథల సీరియళ్లు, సినిమాల వల్లే మాకు పరిచయం. ఫోన్‌లో ఉన్నది ‘స్టార్ ట్రెక్ బియాండ్’కు అమెరికాలో మొదటి మూడు రోజుల్లో వచ్చిన డబ్బు, 5.9 కోట్ల డాలర్లు. జేబులోంచి చిన్న డైరీ తీసి, దీనికి ముందు వచ్చిన రెండు స్టార్ ట్రెక్ సినిమాలకు రాసిపెట్టుకున్న అంకెల కింద దీన్ని కూడా రాశాడు. 2009లో 7.5, 2013లో 7.0, ఇప్పుడు 5.9. “మెట్లు దిగుతున్నట్టే ఉన్నది తమ్మీ. గిది ఆడకపోతే ఇగ మళ్ల తీయరు” అన్నాడు.

ఆ శుక్రవారమే మన దగ్గర రజనీకాంత్ ‘కబాలి’ వచ్చింది, హన్మకొండలో ఎక్కడ నిలబడ్డా అదే మాట. పక్కన చాయ్ తాగుతున్న పిల్లగాడొకడు మమ్మల్ని చూసి, “ఏడనో అమెరికాల ఆడకపోతే మీకేంది అన్నా?” అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. అప్పుడు ట్రైన్ వచ్చేసింది, చెప్పలేకపోయాను. ఇంకా చాలామంది అదే అడుగుతున్నారు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

కలెక్షన్ల లెక్క మనకు కొత్త కాదు. వరంగల్ నైజాం కిందికి వస్తుందని, గ్రాస్ వేరు షేర్ వేరని, బయ్యర్ పెట్టింది వెనక్కొస్తేనే హిట్ అని ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు. అయితే మన లెక్క పంతం మీద నడుస్తుంది, మా హీరో ముందా మీ హీరో ముందా అని. సినిమా పోతే నాలుగు రోజులు బాధ, తర్వాత హీరో ఇంకో సినిమాకు కొబ్బరికాయ కొడతాడు, అంతా సర్దుకుంటుంది. స్టార్ ట్రెక్ అభిమానికి ఆ వెసులుబాటు లేదు. అంకె పడిపోతే అతను ప్రేమించిన లోకానికే తాళం పడుతుంది. ఊరికే ఊహించుకుని భయపడటం కాదిది, 1969లో ఒకసారి, 2005లో మరోసారి నిజంగానే తాళం పడింది.

జీన్ రాడెన్‌బెరీ సృష్టించిన ఈ సీరియల్ 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో ఎన్‌బీసీ చానల్‌లో మొదలైంది. ఇరవై మూడో శతాబ్దం, ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక. అందులో ఒక నల్లజాతి మహిళా ఆఫీసర్, జపాన్ మూలాలున్న ఇంకొక ఆఫీసర్, రెండో సీజన్ నుంచి ఒక రష్యన్ కుర్రాడు (అమెరికా, రష్యా ఒకరి మీద ఒకరు అణుబాంబులు ఎక్కుపెట్టి కూర్చున్న రోజులవి), కెప్టెన్ కర్క్ పక్కన మొనదేలిన చెవుల స్పాక్. చూసినవాళ్లు ప్రాణం పెట్టి చూశారు, కానీ రేటింగ్ అంతంతమాత్రం. రెండో సీజన్ నడుస్తుండగానే ఆపేస్తారన్న మాట బయటికి పొక్కింది. అప్పుడు జాన్, బీజో ట్రింబుల్ అనే భార్యాభర్తలు ఉత్తరాల ఉద్యమం మొదలుపెట్టారు. ఫోన్లు లేవు, గ్రూపులు లేవు, ఉన్నదల్లా పోస్టాఫీసు. మీరు చానల్‌కు రాయండి, ఇంకో పదిమందికి చెప్పండి, ఆ పదిమందినీ ఇంకో పదిమందికి చెప్పమనండి, ఇదే వాళ్ల పద్ధతి. ఉత్తరాలు సంచులకొద్దీ వచ్చిపడ్డాయి. చివరికి 1968 మార్చి 1న, ఆ రాత్రి ఎపిసోడ్ అయిపోయాక, సీరియల్ కొనసాగుతుందని చానలే టీవీలో చెప్పాల్సి వచ్చింది.

నాకు బాగా బాధ కలిగించేది ఆ తర్వాత జరిగింది. మూడో సీజన్‌కు బడ్జెట్ కోసేశారు, టైమ్ తీసుకెళ్లి శుక్రవారం రాత్రి పది గంటలకు పెట్టారు. ఈ సీరియల్ చూసే కాలేజీ పిల్లలు శుక్రవారం రాత్రి ఇంట్లో ఎందుకుంటారు? అంకె ఇంకా పడిపోయింది. 1969 జూన్ 3న చివరి ఎపిసోడ్, మొత్తం 79. పోరాడి గెలిచినవాళ్లకు దక్కింది ఇంకొక్క సీజన్, అదీ సగం ఊపిరితో.

విచిత్రమేమిటంటే చచ్చిపోయిందనుకున్నాకే అది బతికింది. ఆ 79 ఎపిసోడ్లనూ ఊరూరి చిన్న టీవీ స్టేషన్లు కొనుక్కుని సాయంత్రాలు మళ్లీ మళ్లీ వేశాయి, కొత్త తరం పిల్లలు బడి నుంచి వచ్చి చూశారు. 1972లో న్యూయార్క్‌లో అభిమానులు సమావేశం పెట్టుకుంటే, కొన్ని వందలమంది వస్తారనుకున్న చోటికి మూడు వేలకు పైగా వచ్చారు. 1976లో నాసా తన మొదటి స్పేస్ షటిల్‌కు వేరే పేరు అనుకుంది, అభిమానులు అధ్యక్షుడు ఫోర్డ్‌కు ఉత్తరాలు రాసి ఎంటర్‌ప్రైజ్ అని పెట్టించారు. ఆ షటిల్ పరీక్షలకే పరిమితమైంది, అంతరిక్షానికి పోలేదు, కానీ పేరు నిలిచింది. అభిమానులకు ఇక్కడే రెండు విషయాలు అర్థమయ్యాయి, అంకె తప్పు చెప్పొచ్చు, అయినా తీర్పు మాత్రం అంకెదే.

మా అన్నకు ఇది పట్టుకున్నది ఎనభైల్లో, దూరదర్శన్‌లో. ఆదివారం పొద్దున రైల్వే క్వార్టర్స్‌లో ఒక్క ఇంట్లోనే టీవీ, ముందు చాప మీద పిల్లలు, వెనక గుమ్మంలో పెద్దవాళ్లు. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదట. స్పాక్ కనుబొమ్మ ఒకటి పైకి లేపితే మాత్రం అందరికీ అర్థమయ్యేదట.

సినిమాల కథ 1979లో మొదలైంది. మొదటిదానికి దాదాపు నాలుగున్నర కోట్ల డాలర్లు ఖర్చయింది, వచ్చింది పదమూడు కోట్ల పైచిలుకు. అయినా ఖర్చు ఎక్కువైందని స్టూడియో రాడెన్‌బెరీ చేతిలోంచి పగ్గాలు తీసేసుకుంది. 1982లో రెండో సినిమాను అందులో మూడో వంతు డబ్బు కూడా లేకుండా తీయించింది, అభిమానులు ఇప్పటికీ నెత్తిన పెట్టుకునేది దాన్నే. ఆ తర్వాత 1987 నుంచి 2005 దాకా టీవీలో ఏదో ఒక స్టార్ ట్రెక్ నడుస్తూనే ఉంది. పద్దెనిమిదేళ్లు.

కానీ చివరి ఏళ్లలో జనం అలసిపోయారు. 2002 డిసెంబర్‌లో వచ్చిన ‘నెమిసిస్’కు 6 కోట్ల డాలర్లు పెడితే ప్రపంచమంతా కలిపి 6.7 కోట్లు వచ్చింది. థియేటర్ల వాటా పోను చేతికి మిగిలేది సగమే కదా, అంటే పూర్తిగా మునిగినట్టు. 2005 మేలో ‘ఎంటర్‌ప్రైజ్’ సీరియల్ నాలుగో సీజన్‌తో ఆగిపోయింది. అభిమానులు అయిదో సీజన్ కోసం చందాలు కూడా పోగుచేశారు, స్టూడియో ఒప్పుకోలేదు. అదే ఏడాది చివర మాతృసంస్థ వయాకామ్ రెండుగా చీలి, అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు సినిమాలు పారమౌంట్ స్టూడియో వైపు, టీవీ సీరియళ్లు సీబీఎస్ చానల్ వైపు వెళ్లాయి. ఇకమీదట సినిమా తన కాళ్ల మీద తాను నిలబడాలి. ఈ పంపకం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు కానీ, తర్వాతి పదేళ్ల టెన్షన్‌కు సగం కారణం ఇదేనని నా నమ్మకం.

అలాంటి సమయంలో 2009లో దర్శకుడు జె.జె. ఏబ్రమ్స్ రీబూట్ వచ్చింది. పాత పాత్రలే, కొత్త కుర్రాళ్లు. కర్క్‌గా క్రిస్ పైన్, స్పాక్‌గా జాకరీ క్వింటో. భవిష్యత్తు నుంచి ఒక నౌక వెనక్కి వచ్చి చరిత్రను మార్చేసిందని, కాబట్టి ఇది వేరే కాలరేఖ అని, పాత కథలన్నీ అలాగే భద్రంగా ఉన్నాయని చెప్పారు. పాత స్పాక్ లియొనార్డ్ నిమోయ్‌నే తీసుకొచ్చి ఆ మాట చెప్పించారు, అందుకే చాలామంది నమ్మారు. 15 కోట్ల డాలర్ల ఖర్చుకు 38.5 కోట్లు వచ్చింది. మేకప్‌కు ఆస్కార్ కూడా వచ్చింది, స్టార్ ట్రెక్‌కు అదే మొదటి ఆస్కార్.

మరి సంతోషమే కదా? సంతోషమే, కానీ అక్కడే భయం కొత్త రూపం తీసుకుంది. అప్పటిదాకా ఉన్న భయం ఒక్కటే, ఆడకపోతే పోతుందని. ఇప్పుడు ఆడినందుకూ భయం మొదలైంది. ఎందుకంటే ఇది ఆడింది ఫైట్లతో, వేగంతో. తాను చిన్నప్పటి నుంచి స్టార్ వార్స్ అభిమానినని ఏబ్రమ్స్ దాచకుండా చెప్పాడు. పాత సీరియల్‌లో ఒక గదిలో నలుగురు కూర్చుని యుద్ధం చేయాలా వద్దా అని వాదించుకునేవాళ్లు, ఆ వాదనే కథ. అది లేకుండానే డబ్బులొస్తే ఇక ఎవరు రాస్తారు ఆ గదిని? మా అన్న 2009 నుంచీ ఇదే అంటాడు. నాకు మాత్రం ఆ సినిమా మొదటి పది నిమిషాలు, కెల్విన్ నౌకలో కర్క్ తండ్రి చనిపోవడం, అప్పుడే కర్క్ పుట్టడం, చాలా ఇష్టం. ఆ విషయంలో మేమిద్దరం ఇంకా కలవలేదు.

2013లో ‘ఇన్‌టు డార్క్‌నెస్’ కోసం ఇద్దరం పొద్దున ట్రైన్ ఎక్కి హైదరాబాద్ పోయాం. మే నెల ఎండ, హాల్ సగం ఖాళీ. విలన్ ఎవరన్నది విడుదల దాకా దాచి, తీరా చూస్తే అది పాత రెండో సినిమాలోని ఖానే. అప్పట్లో స్పాక్ అద్దానికి అటువైపు చనిపోయిన సన్నివేశాన్ని తిరగేసి ఇక్కడ కర్క్‌తో చేయించారు. తిరుగు ట్రైన్‌లో ఘనపూర్ దాటేదాకా అన్న ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత, “మనకు గుర్తున్నదాన్ని మనకే అమ్మిన్రు” అన్నాడు. ఆ ఆగస్టులో లాస్ వెగాస్‌లో కలిసిన అభిమానులు స్టార్ ట్రెక్ సినిమాలకు వరుస నంబర్లు ఇచ్చుకుని దీన్ని అట్టడుగున పెట్టారు. లెక్కల్లో మాత్రం ఇది 46.7 కోట్ల డాలర్లతో అన్నిటికంటే పైన ఉంది.

కొంచెం లోపలికి చూస్తే ఆ పైన ఉండటంలోనే చిక్కుంది. అమెరికాలో 2009 సినిమాకు 25.7 కోట్లు వస్తే దీనికి 22.8 కోట్లే. పెరిగిందంతా బయటి దేశాల్లో. స్టార్ ట్రెక్‌కు బయట ఎప్పుడూ బలం తక్కువ, అందుకని ఈసారి స్టూడియో చైనా మీద, యూరప్ మీద గట్టిగా పడింది. కానీ బయటి డబ్బులో చేతికి వచ్చేది తక్కువ, చైనాలో అయితే స్టూడియోకు దక్కేది గ్రాస్‌లో నాలుగో వంతు. ఖర్చు చూస్తే 19 కోట్ల దగ్గరికి చేరింది, పబ్లిసిటీ అదనం. ఇంత ఖర్చు పెట్టాక అన్ని దేశాలవాళ్లకూ అర్థమయ్యేది తీయాలి, అన్ని దేశాలకూ అర్థమయ్యేది కొట్లాటే. గదిలో వాదన చైనాలో అమ్ముడుపోదని వాళ్ల లెక్క. మా టెన్షన్‌కు మూలం ఇక్కడుంది, పదిమంది అభిమానుల పిచ్చిలో లేదు.

ఇక ‘బియాండ్’. 2015 డిసెంబర్‌లో మొదటి ట్రైలర్ రాక్ పాటతో, బైక్ మీద కర్క్ గాలిలోకి లేస్తూ వచ్చింది. కథ రాసినవాళ్లలో ఒకడైన సైమన్ పెగ్ తనకే ఆ ట్రైలర్ నచ్చలేదని బయటికి చెప్పాడు. సినిమా వచ్చాక చూస్తే ఆ ట్రైలర్‌లా లేదు, ముగ్గురు నలుగురు మనుషులు ఒకరినొకరు కాపాడుకునే కథ, పాత వాసన ఉన్న కథ. అప్పటికే 2015 ఫిబ్రవరిలో నిమోయ్ పోయాడు, విడుదలకు నెల ముందు రష్యన్ కుర్రాడు చెకోవ్‌గా చేసిన ఆంటన్ యెల్చిన్ 27 ఏళ్లకే ప్రమాదంలో పోయాడు. సీరియల్ పుట్టి 50 ఏళ్లయిన సంవత్సరం అది. చాలామంది అభిమానులకు నచ్చిన ఆ సినిమాకు 18.5 కోట్ల ఖర్చు మీద 34.3 కోట్లే వచ్చాయి, మూడింట్లో అన్నిటికంటే తక్కువ. ఎక్కువ వచ్చినది నచ్చలేదు, నచ్చినదానికి రాలేదు. డైరీలో అంకె రాసేటప్పుడు అన్న మొహం ఎందుకలా ఉందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

నాలుగో సినిమా ఉంటుందని ‘బియాండ్’ విడుదలకు ముందే ప్రకటించారు. 2018లో హీరోల పారితోషికం దగ్గర బేరం తెగిపోయింది. 2022లో మళ్లీ ప్రకటించి 2023 డిసెంబర్ అని తేదీ ఇచ్చారు, కొన్ని నెలలకే ఆ తేదీ తీసేశారు.

టీవీ వైపు సీబీఎస్ 2017లో ‘డిస్కవరీ’ని తన స్ట్రీమింగ్‌లో మొదలుపెట్టింది, తర్వాత వరసగా సీరియళ్లు వచ్చాయి. 2019 చివర రెండు కంపెనీలూ మళ్లీ ఒక్కటయ్యాయి. కానీ స్ట్రీమింగ్‌లో ఇంకో రకం బాధ ఉంది. ఎంతమంది చూశారో పూర్తిగా బయటపెట్టరు. సోమవారం పొద్దున చూసుకోవడానికి అంకే ఉండదు, ఉన్నట్టుండి ఒకరోజు ఆపేశాం అంటారు. 2023 జూన్‌లో పిల్లల కోసం తీసిన ‘ప్రాడిజీ’కి అదే జరిగింది. రెండో సీజన్ పని నడుస్తుండగానే రద్దు చేశారు, చూసుకోవడానికి మొదటి సీజన్ కూడా లేకుండా పారమౌంట్ ప్లస్ అనే తమ స్ట్రీమింగ్ నుంచి తీసేశారు. అభిమానులు మళ్లీ పిటిషన్ పట్టుకున్నారు. ఆ రాత్రి పదకొండు దాటాక అన్న ఫోన్ చేశాడు. ఎవరికైనా ఏమైందోనని గాభరాగా ఎత్తాను. “సంతకం పెట్టినవా తమ్మీ?” అన్నాడు. పెట్టలేదన్నాను. ఇప్పుడే పెట్టు, మీ ఇంట్ల పిల్లలతోని కూడా పెట్టించు, ఇంకో పదిమందికి చెప్పు అన్నాడు.

నెట్‌ఫ్లిక్స్ దాన్ని తీసుకుంది, 2024 జూలైలో రెండో సీజన్ వచ్చింది. రాసుకోవడానికి అంకె ఏదీ లేకపోవడంతో, అన్న డైరీలో 5.9 కింద ఆ తేదీ రాసుకున్నాడు.