మూత బిగించాక నూనె ఎందుకు కారుతుంది? ఇంజిన్ కవర్లు, సీళ్లపై అపోహలు - వాస్తవాలు

ఇంజిన్ విప్పి, లోపలి పని శ్రద్ధగా ముగించి, మూతలన్నీ బిగించి బండి స్టార్ట్ చేస్తారు. మర్నాడు చూస్తే నేల మీద నల్లటి నూనె చుక్క. ఇంట్లో సొంతంగా పని చేసుకునేవారిని ఇంతగా నిరుత్సాహపరిచేది మరొకటి లేదు. మరమ్మతు పనిలో ఉన్నవాడిగా అలాంటి ఇంజిన్లను మళ్లీ విప్పినప్పుడు నాకు తరచూ కనిపించేవి రెండు: అతుకుల్లో పూసే సిలికాన్ పేస్టు అవసరానికి మించి ఉండటం, అవసరానికి మించిన బిగింపు. నూనెను ఆపే పని నిజానికి శుభ్రమైన, చదునైన, జిడ్డు లేని రెండు ముఖాల మధ్య అన్ని వైపులా సమానంగా పడే ఒత్తిడిది. ఆ ఒత్తిడిని చెడగొట్టే నమ్మకాలు కొన్ని బాగా పాతుకుపోయాయి.

అపోహ: ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది

వాల్వ్ కవర్లు, క్లచ్ కవర్లు, సంపులకు (ఇంజిన్ అడుగున నూనె నిలిచే తొట్టెలకు) ఎక్కువగా ఉండేవి 6 మిల్లీమీటర్ల బోల్టులు. అల్యూమినియంలోకి దిగే అలాంటి బోల్టుకు సాధారణంగా 8 నుంచి 12 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, సరిపోతుంది. పొడవాటి రెంచి చివర పట్టుకుని తిప్పితే ఆ హద్దు ఎప్పుడు దాటామో చేతికి తెలియదు. అల్యూమినియంలోని మరలు ముందు సాగుతాయి, తర్వాత ఊడి వస్తాయి. కచ్చితమైన అంకె మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉంటుంది, దాన్నే పాటించండి.

రేకు సంపుల విషయంలో అతిబిగింపు చేసే చెరుపు కంటికి కనిపిస్తుంది. సంపు విప్పి అంచును పక్క నుంచి చూడండి. ప్రతి రంధ్రం చుట్టూ రేకు, రెండు భాగాల మధ్య వేసే ప్యాకింగ్ (గ్యాస్కెట్) వైపు బొడిపెలా ఉబ్బి ఉంటుంది. బోల్టు ఉన్నచోట ప్యాకింగ్ నలిగి చితికిపోతుంది, రెండు బోల్టుల నడుమ సందు మిగులుతుంది. నూనె ఆ సందులోంచే వస్తుంది. కారుతోందని ఇంకాస్త బిగిస్తే సందు ఇంకాస్త పెరుగుతుంది. బిగించే ముందే అంచును గట్టి చెక్క దిమ్మ మీద ఆనించి, ఉబ్బిన చోట్ల చిన్న సుత్తితో తట్టి సమం చేయాలి. ఆ తర్వాత ఉక్కు స్కేలు నిలువుగా ఆన్చి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి.

కొన్ని వాల్వ్ కవర్ల బోల్టులకు మధ్యలో భుజం, అంటే లావుపాటి మెట్టు, ఉంటుంది. ఆ భుజం హెడ్‌కు (కవర్ కింద ఉండే ఇంజిన్ పైభాగానికి) తగలగానే బిగింపు పూర్తయినట్టే. అక్కడి నుంచి ఎంత తిప్పినా ప్యాకింగ్ మీద ఒత్తిడి పెరగదు, బోల్టు విరుగుతుంది. అలాంటి కవర్ కారుతుంటే బోల్టు తల కింద ఉండే రబ్బరు వాషర్లు గట్టిపడ్డాయేమో చూడండి. కొత్త ప్యాకింగ్ వేసి పాత వాషర్లే ఉంచేవారు చాలామంది.

బిగించే వరుస కూడా ముఖ్యమే. ముందు బోల్టులన్నీ చేతివేళ్లతో ఎక్కించాలి. తర్వాత మధ్య నుంచి బయటికి, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. కవర్ అరచేతి ఒత్తిడితోనే పూర్తిగా కూర్చోవాలి. సందు మిగిలితే బోల్టులతో లాగవద్దు, కవర్ చెవి విరుగుతుంది. కవర్‌ను సరైన చోట కూర్చోబెట్టే డోవెల్ పిన్ను వంకరగా ఉందో, అడ్డంగా ఏదైనా ఇరుక్కుందో వెతకండి.

బోల్టుల పొడవులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి విప్పేటప్పుడే ఒక అట్టముక్క మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టును ఆ చోట గుచ్చి పెట్టుకోండి. పొడవు బోల్టు పొట్టి రంధ్రంలో పడితే అడుగు తగిలి ఆగుతుంది. బిగిసినట్టే అనిపిస్తుంది, కవర్ మాత్రం వదులుగానే ఉంటుంది. అడుగు మూసుకుపోయిన రంధ్రంలో నూనె నిలిచి ఉంటే బోల్టు దాన్ని నొక్కుతుంది. ఆ ఒత్తిడికి రంధ్రం చుట్టూ ఉన్న పోత లోహం కూడా పగలవచ్చు. కాబట్టి రంధ్రాలను గాలితో ఊది ఆరబెట్టండి, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని.

అపోహ: ప్యాకింగ్ ఉన్నా పైన కాస్త సిలికాన్ పూస్తే భద్రం

ఇంజిన్లను నిజంగా దెబ్బతీసే అపోహ ఇదే. బయటికి పొంగి వచ్చిన సిలికాన్ మనకు కనిపిస్తుంది. అంతే సిలికాన్ లోపలికీ పొంగుతుందని గుర్తుండదు. లోపలి ఆ తీగ వేడి నూనెలో నాని, తెగి, సంపులోకి జారి, ఆయిల్ పంపు పీల్చే జల్లెడకు అతుక్కుంటుంది. జల్లెడ మూసుకుంటే ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, బేరింగులు అరిగిపోతాయి. చెమరుస్తున్న కవర్‌ను ఆపబోయి ఇంజిన్‌నే పోగొట్టుకోవడం అంటే ఇదే.

అచ్చులో పోసిన రబ్బరు ప్యాకింగుకు పేస్టు అక్కర్లేదు. పూస్తే రబ్బరు జారి, బిగించేటప్పుడు గాడిలోంచి పక్కకు వస్తుంది. కాగితం ప్యాకింగ్‌ను తయారీదారు వేరుగా చెప్పకపోతే పొడిగానే వేయాలి. ఓ-రింగులకు పలచగా ఇంజిన్ ఆయిల్ రాస్తే చాలు. సిలికాన్ తప్పనిసరి అయ్యేది మూడు భాగాలు ఒకచోట కలిసే మూలల్లో. టైమింగ్ కవర్, బ్లాక్, హెడ్ కలిసే గీత మీద, కామ్‌షాఫ్ట్ చివర అర్ధచంద్రాకారపు మలుపుల దగ్గర చిన్న బొట్టు పెట్టాలి. ప్యాకింగ్ లేకుండా పేస్టుతోనే అతికే సంపులూ ఉన్నాయి. వాటికి మాన్యువల్ చెప్పిన మందంలో, సాధారణంగా 2 నుంచి 3 మిల్లీమీటర్ల తీగను ఎక్కడా తెగకుండా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా గీయాలి.

సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. పైన పొర కట్టకముందే, అంటే కొద్ది నిమిషాల్లోనే కవర్ పెట్టేయాలి. ఒకసారి ఆన్చాక ఎత్తి సర్దకూడదు. ఎత్తితే మొత్తం తుడిచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఆ తర్వాత ఓపిక కావాలి. చాలా రకాలు పూర్తిగా ఆరడానికి 24 గంటలు పడుతుంది. ట్యూబు మీద రాసిన సమయం కాకముందే నూనె పోస్తే అప్పటిదాకా చేసిన శ్రమ వృథా అవుతుంది. మరమీద సమంగా కోసిన రెండు గట్టి లోహపు ముఖాలు నేరుగా కలిసేచోట వాడే అనెరోబిక్ పేస్టు తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. అది గాలి అందని చోట, లోహం తగిలినప్పుడు గట్టిపడుతుంది. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే రెండూ పనిచేయవు. వెనిగర్ వాసన వచ్చే స్నానాలగది సిలికాన్‌నైతే ఇంజిన్ దరిదాపులకు కూడా రానివ్వకండి.

అపోహ: ముఖం తళతళా మెరిసేదాకా గీరాలి

డ్రిల్లుకు గరుకు డిస్కు తగిలించి అల్యూమినియం ముఖాన్ని రుద్దడం చాలామందికి అలవాటు. అక్కడ రెండు నష్టాలు జరుగుతాయి. మెత్తటి లోహంలో కంటికి కనిపించని గుంటలు పడతాయి. డిస్కు నుంచి రాలిన గరుకు పొడి ఇంజిన్‌లోకి చేరి బేరింగులను కొరుకుతుంది. ప్యాకింగ్ రిమూవర్ పూసి, నాననిచ్చి, ప్లాస్టిక్ లేదా చెక్క స్క్రేపర్‌తో నెమ్మదిగా తీయండి. ముందే లోపలి భాగాలను శుభ్రమైన గుడ్డతో కప్పండి. చివరగా బ్రేక్ క్లీనర్‌తో తడిపిన గుడ్డతో, ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాకే, తుడవండి. గుడ్డ మీద మరక పడటం ఆగేదాకా తుడిచి, ఆ తర్వాత ముఖాన్ని వేలితో తాకకండి.

పాత ప్యాకింగ్‌ను పారేసే ముందు ఒక్కసారి పరిశీలించండి. దాని మీద నొక్కుడు గుర్తు లోతుగా ఉన్నచోట ఒత్తిడి పడింది, మసకగా ఉన్నచోట పడలేదు. కవర్ ఎక్కడ వంగిందో అదే చూపిస్తుంది.

అపోహ: ఆయిల్ సీల్‌ను సుత్తితో కొట్టి కూర్చోబెడితే సరిపోతుంది

తిరిగే షాఫ్ట్ చుట్టూ నూనెను ఆపే రింగే ఆయిల్ సీల్. దాని బయటి అంచు అంతటినీ ఒకేసారి తాకే గొట్టం లేదా పెద్ద సాకెట్ పెట్టి, వంకర పోకుండా నెట్టాలి. స్ప్రింగు ఉన్న వైపు నూనె వైపుకు తిరగాలి. షాఫ్ట్‌ను తాకే రబ్బరు అంచుకు, అంటే లిప్‌కు, నూనె రాయాలి, లేకపోతే మొదటి కొన్ని క్షణాల్లోనే పొడిగా రుద్దుకుని కాలిపోతుంది. లిప్ వెనుక ఉన్న సన్నటి స్ప్రింగు తట్టు దెబ్బకు జారకుండా అక్కడ కాస్త గ్రీజు పెట్టండి. షాఫ్ట్ మీద కీ గాడి, పళ్లు ఉంటే వాటిపై టేపు చుట్టి సీల్‌ను దాటించండి. లిప్ మీద పడే చిన్న గాటు చాలు, జీవితాంతం కారడానికి.

ఒక మినహాయింపు ఉంది. సాధారణంగా స్ప్రింగు లేకుండా, వెడల్పాటి లిప్‌తో వచ్చే టెఫ్లాన్ సీళ్లలో చాలావాటిని నూనె లేకుండా పొడిగానే వేయాలి. పెట్టెలో వచ్చిన కాగితం చదవకుండా సీల్‌కు చేయి పెట్టవద్దు.

షాఫ్ట్‌ను గోటితో గీరి చూడండి. పాత లిప్ తిరిగిన చోట గాడి తగిలితే కొత్త సీల్ కూడా కారుతుంది. లోపల చోటుండి, నూనె దారి మూసుకుపోదనుకుంటే సీల్‌ను కాస్త ముందుకో వెనక్కో కూర్చోబెట్టండి. లేదా షాఫ్ట్‌కు మరమ్మతు స్లీవ్ వేయించండి.

అపోహ: కొత్త సీల్ వేసినా కారుతోందంటే సీల్ నాసిరకం

సీల్‌ను నిందించే ముందు క్రాంక్‌కేస్ (క్రాంక్‌షాఫ్ట్ తిరిగే ఇంజిన్ అడుగు భాగం) గాలి గొట్టాన్ని, దాని వాల్వును చూడండి. పిస్టన్ రింగుల పక్కనుంచి జారే వాయువులు ఆ దారిన బయటికి పోవాలి. దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న ప్రతి సీల్ నుంచీ నూనెను తోస్తుంది. ఎన్ని సీళ్లు మార్చినా ఫలితం ఉండదు.

నూనె కిందికి జారుతుంది, బండి కదిలితే గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి చుక్క పడేచోటును నమ్మవద్దు. ఇంజిన్ కడిగి ఆరబెట్టి, కాసేపు నడిపి, తడి కనిపించే అన్నిటికన్నా పైచోటును వెతకండి. ఇంజిన్ వెనుక వైపు క్రాంక్‌షాఫ్ట్ సీల్ కారుతోందనుకుని గేర్‌బాక్సు దించబోయిన సందర్భాల్లో అసలు దోషం పైన వాల్వ్ కవర్‌లో దొరకడం మామూలే. ఆయిల్ ఫిల్టర్ దగ్గర కారుతుంటే పాత రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో చూడండి. రెండు రింగులు ఒకదానిమీద ఒకటి పడితే నూనె మొత్తం నిమిషాల్లో బయటికి పోతుంది.

అపోహ: ఇంజిన్ ఒకసారి వేడెక్కాక బోల్టులన్నీ మళ్లీ బిగించాలి

కార్క్ ప్యాకింగ్ నలిగి సర్దుకుంటుంది కాబట్టి దానికి ఇది కొంతవరకు వర్తిస్తుంది. అదైనా ఇంజిన్ చల్లబడ్డాక, మాన్యువల్ చెప్పిన టార్క్ వరకే. ఆరిన సిలికాన్ మీద మళ్లీ బిగిస్తే అతుకు తెగి కొత్తగా కారడం మొదలవుతుంది. భుజం ఉన్న బోల్టుల మీద చేయి వేయనే వద్దు. మొదటిసారి స్టార్ట్ చేశాక రెంచి పక్కన పెట్టి టార్చిలైటు తీసుకోండి. ఆయిల్ ఒత్తిడి దీపం ఆరిందా చూసి, ప్రతి కవర్ అంచునూ నింపాదిగా పరిశీలించండి. ఎగ్జాస్ట్ గొట్టం మీద నూనె పడుతోందనిపిస్తే మాత్రం వెంటనే ఇంజిన్ ఆపేయండి, అది మంటకు దారితీయవచ్చు.