చెరువు గంగాళం కాదు: ఓరుగల్లు నీళ్ళ మీద అపోహలు - వాస్తవాలు

రెండేళ్ళ కిందట మత్స్య సహకార సంఘాల సభ్యులు పన్నెండు మందిని సముద్రపు ఒడ్డున ఉన్న పులికాట్ సరస్సు చూపించడానికి తీసుకువెళ్ళాను. వరంగల్‌లో రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగాం. అక్కడి నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. ఇరువైపులా మోకాలి లోతు ఉప్పునీళ్ళు, బురద, ఆ బురదలో తలకిందులుగా ముక్కు పెట్టి మేస్తున్న రాజహంసలు. ములుగు వైపు నుంచి వచ్చిన పెద్దాయన చాలాసేపు చూసి, "ఇంత పెద్ద సరస్సులో నీళ్ళేవి సార్?" అన్నాడు.

ఆయన లెక్కలో చెరువంటే కట్టను తాకుతూ నీళ్ళుండాలి. ఇరవై ఏళ్ళుగా పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల చుట్టూ ఊళ్ళలో జాలర్లతో పనిచేస్తున్నాను. అక్కడ నేను విన్న అపోహల్లో సగం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉన్నాయి.

అపోహ: ఏడాది పొడవునా నిండుగా ఉంటేనే చెరువు బాగున్నట్టు.

వాస్తవం: చెరువులో తిండి ఎక్కువగా పుట్టేది నడిమి లోతులో కాదు, అంచున. ఎండ అడుగుదాకా దిగే పలుచని నీటిలో నాచు పెరుగుతుంది, తుంగ మొలుస్తుంది, నత్తలు, పురుగులు చేరతాయి. వాటి కోసం చేపపిల్లలు, వాటి వెనక కొంగలు వస్తాయి. ఎండాకాలంలో నీరు వెనక్కి తగ్గితే శిఖం, అంటే నీళ్ళ కింద ఉండే చెరువు నేల, బయటపడుతుంది. ఆ నేలకు గాలి తగిలి అడుగున పేరుకున్న కుళ్ళు మట్టిగా మారుతుంది. గడ్డి లేస్తుంది, పశువులు మేసి పేడ వేస్తాయి. తొలకరి నీరు మళ్ళీ ఆ నేల మీదికి ఎక్కినప్పుడు ఆ ఎరువంతా చేపపిల్లల మేతకు మూలమవుతుంది.

శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువ కింది చెరువుల్లో కొన్నింటికి ఇప్పుడు ఎండాకాలంలోనూ నీళ్ళు అందుతున్నాయి. రెండో పంటకు అదే ప్రాణం, నేను అడ్డు చెప్పను. కాని శిఖం ఒక్క నెల కూడా ఎండని చోట జమ్ము గోడలా పెరిగిపోవడం చూస్తున్నాను. చాపలల్లేవాళ్ళకు తుంగ దొరకదు, వల వేయడానికి జాగా దొరకదు.

పూడికతీత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2015లో చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక మా వైపు ఎన్నో చెరువుల మట్టి చేలకెక్కింది, పంటకు మేలు జరిగింది. అయితే కొన్నిచోట్ల యంత్రాలు చెరువును గంగాళంలా తవ్వాయి. అంచు నిట్టనిలువుగా తెగిపోతే నీళ్ళు ఎక్కువే నిలుస్తాయి, చేప గుడ్డు పెట్టే పలుచని నీరే ఉండదు. నడుమ తవ్వండి, అంచు వాలును మాత్రం ముట్టుకోకండి అని నేను ప్రతి సమావేశంలో చెబుతాను. వినేవాళ్ళు తక్కువే, ఎందుకంటే ట్రాక్టర్ సులువుగా వచ్చేది అంచుకే.

అపోహ: ఎన్ని ఎక్కువ పిల్లలు వదిలితే అన్ని చేపలు.

వాస్తవం: బొచ్చె, రవ్వ, మోసు పారే నీటి చేపలు. నిలిచిన చెరువులో పెరుగుతాయి గాని గుడ్లు పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి చేప మెదడు దగ్గరి పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, ఇలాంటి చేపలతో గుడ్లు పెట్టించాక చెరువు చేపల పెంపకం తీరే మారిపోయింది. జాతీయ చేప రైతుల దినోత్సవం ఆ తేదీనే జరుపుకుంటాం. తెలంగాణలో 2016-17 నుంచి ప్రభుత్వం పిల్లలను ఉచితంగా ఇస్తోంది. ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీరుండే వాటికి 80-100 మిల్లీమీటర్ల పిల్లలు వదలాలని నియమం. అయినా లారీ వచ్చినప్పుడు అందరూ ఎన్ని వచ్చాయో అడుగుతారు, ఎంత పొడవున్నాయో అడిగేవాళ్ళు అరుదు. వాలుగలు, కొర్రమీనులు ఉన్న పెద్ద చెరువులో వేలెడు లేని పిల్లను వదలడమంటే వాటికి పలహారం పెట్టడమే.

లెక్కలోకి రాని చేపల మాట ఇంకా ముఖ్యం. పరకలు, జెల్లలు, మట్టగిడసలు, కొర్రమీనులు. చాలా ఊళ్ళలో వీటిని ఎవరూ వదలరు, వాటంతట అవే బతుకుతాయి. సంఘం ఖాతాలో పడే డబ్బు బొచ్చె, రవ్వలది. ఇంట్లో పులుసు, సంతలో ఆడవాళ్ళు కుప్పలు పోసి అమ్మే చిన్నచేప, ఎండబెట్టి దాచుకునే గుప్పెడు, ఇవన్నీ పరకలవి. తొలివానకు ఈ చేపల్లో చాలా భాగం కడుపు నిండా జనతో (గుడ్లతో) వాగుల్లోకి, మడుల్లోకి ఎదురెక్కుతాయి. సరిగ్గా అప్పుడే మృగశిర కార్తె వస్తుంది, చేప ధర రెట్టింపవుతుంది, కాలువ మూతికి వల అడ్డం పడుతుంది. మృగశిర నాడు చేప తినవద్దని ఎవరికీ చెప్పను, నేనూ తింటాను. బొచ్చె తినండి అంటాను.

కొర్రమీను మన రాష్ట్ర చేప. నీటిపైన ఎర్రని బంతిలా కదిలే దాని పిల్లల గుంపును చూసినవాళ్ళకు తెలుసు, తల్లీతండ్రీ కిందనే కాపలా ఉంటాయి. ఆ సమయంలో వాటిని పట్టుకుంటే కూరకు రెండు చేపలు దొరుకుతాయి. ఆ గుంపులో పెద్ద భాగం రోజుల్లోనే ఇతర చేపల పాలవుతుంది.

అపోహ: తెల్లారేసరికి చేపలు తేలాయంటే ఎవరో మందు కలిపారు.

వాస్తవం: ఈ అనుమానంతో రెండు కుటుంబాలు ఏళ్ళ తరబడి మాట్లాడుకోని ఊరు నాకు తెలుసు. అది భాద్రపదం, మూడు రోజులుగా మబ్బు. పొలాల నుంచి దిగిన యూరియా నీటితో చెరువు చిక్కటి ఆకుపచ్చగా ఉంది. నాచు పగలు ఎండలో ప్రాణవాయువును వదులుతుంది, రాత్రి తిరిగి పీల్చుకుంటుంది. ఎండే లేకపోతే వదిలేది తక్కువ, పీల్చేది మాత్రం అంతే. తెల్లవారుజామున నాలుగింటికి నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి.

గుర్తుపట్టడం కష్టం కాదు. ముందు పెద్ద చేపలు పోతాయి. గాలి పీల్చగల కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి బతికే ఉంటాయి. విషమైతే చిన్నా పెద్దా తేడా లేకుండా పోతాయి, తరచు కప్పలూ పాములూ కూడా. ఆ రోజు బురదలో కొర్రమీను ఎగురుతుంటే చూపించాను. అప్పటికే ఠాణాకు కాగితం వెళ్ళిపోయింది. మబ్బు పట్టిన రోజుల్లో కోళ్ళ ఎరువు, తవుడు వేయడం ఆపండి. తూము వైపు మోటారు పెట్టి నీటిని పైనుంచి చిమ్మించండి. ఖర్చు డీజిలు మాత్రమే.

అపోహ: కొంగలు, నీటికాకులు చేపలన్నీ తినేస్తాయి.

వాస్తవం: మీరు తరిమే వాటిలో నత్తగుల్ల కొంగకు చేప మీద ఆశే లేదు, దాని ముక్కు నత్తల కోసం పుట్టింది. నీటికాకి తింటుంది, నిజమే. పిల్లలు పెంచే చిన్న కుంటల మీద వల కప్పుకోండి, పెద్ద చెరువులో వాటి జోలికి పోకండి.

అపోహ: గుర్రపుడెక్క నీటిని శుభ్రం చేస్తుంది.

వాస్తవం: మురుగులోని సారాన్ని పీల్చుకుంటుంది. తీసి బయట వేయకపోతే అక్కడే కుళ్ళి అంతా తిరిగి చెరువుకే ఇస్తుంది. తీయగలిగినంత ఉన్నప్పుడే తీయాలి.

అపోహ: సముద్రపు ఒడ్డు సరస్సుల పాఠాలు మనకు పనికిరావు.

వాస్తవం: ఒడిశాలోని చిలికా సరస్సుకు సముద్రం నుంచి ఉప్పునీరు వచ్చే మూతి ఇసుకతో పూడుకుపోయి ఉప్పదనం తగ్గింది, కలుపు పెరిగింది, చేపలు పడిపోయాయి. 1993లో అది ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2000 సెప్టెంబరులో కొత్త మూతి తవ్వారు, చేపలు అనేక రెట్లు పెరిగాయి, 2002లో ఆ జాబితా నుంచి బయటపడింది. మన గొలుసుకట్టు చెరువులకు మూతి అంటే పైనుంచి వచ్చే కాలువ, నిండాక నీరు కిందికి పొర్లిపోయే మత్తడి. ప్లాట్ల కింద ఆ కాలువ మాయమైతే చెరువు ఎంత తవ్వినా గుంతే. మత్తడికి చేపలు పోకుండా కట్టే జాలీ కూడా అంతే జాగ్రత్తగా చూడాలి. చెత్త పట్టిన జాలీ వరదకు అడ్డుపడితే చేపలతో పాటు కట్టా పోతుంది.

పులికాట్‌లో మావాళ్ళను ఆకట్టుకున్నది పక్షులు కాదు, 'పాడు' అనే పద్ధతి. ఏ రోజు ఏ చోట ఎవరు వల వేయాలో చీట్లతో, వంతులతో తేల్చుకుంటారు. పేరు విని మావాళ్ళు నవ్వారు. పాడు అంటూనే సరస్సును పాడు కానివ్వడం లేదే అన్నాడు ఒకాయన.

తిరిగి వచ్చాక మా పెద్దాయన తన ఊరి సంఘంలో పట్టుబట్టి చీట్లు వేయించాడు. మొదటిసారే ఆయనకు మత్తడి పక్కన బండరాళ్ళ చోటు పడింది, వల చిరిగే చోటు. ఇంకోసారి వేద్దామని కుర్రాళ్ళు అన్నారు. ఆయన ఒప్పుకోలేదు, దారం సూది తెమ్మన్నాడు.