కాలేయపు నడిమి మళ్ళు ఎండే జ్వరం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఎవరి కళ్ళైనా పచ్చబడితే ఇంటివాళ్ళు ముందుగా 'కామెర్లు' అంటారు, ఆ వెంటనే పసరు పోసే మనిషి కోసం వెతుకుతారు. పచ్చదనమే జబ్బు అనుకునే ఈ అలవాటును ఎల్లో ఫీవర్ అన్న పేరు ఇంకా బలపరుస్తుంది. ఆఫ్రికాలోను, దక్షిణ అమెరికాలోను ఉండి, మన దేశంలో ఇంతవరకు వేళ్ళూనుకోని ఈ జ్వరంలో, పచ్చదనం కాలేయం దెబ్బతిన్నదని తెలిపే గుర్తు మాత్రమే. ప్రాణం మీదికి తెచ్చేది ఆ దెబ్బ వల్ల మొదలయ్యే రక్తస్రావమూ, అవయవాలు ఒకదాని వెంట ఒకటి చేతులెత్తేయడమూ.

వైరస్‌ను పట్టణాలలో మోసుకొచ్చేది మన నీళ్ళ తొట్లలో, డ్రమ్ములలో పెరిగి డెంగీని అంటించే ఈడిస్ ఈజిప్టై దోమే. కుట్టిన 3 నుంచి 6 రోజులకు జ్వరం, ఒళ్ళునొప్పులు, వాంతులు మొదలవుతాయి. చాలామందికి అంతటితో తగ్గిపోతుంది. సుమారు 15 శాతం మందిలో మాత్రం, తగ్గిందనిపించిన ఒక రోజు తరువాత జ్వరం తిరగబెట్టి రెండవ దశ మొదలవుతుంది. అప్పటికే వైరస్ కాలేయంలోని రక్తనాళాల గోడలకు కాపలాగా ఉండే కుప్ఫర్ కణాలను దాటి, అసలు పని చేసే కాలేయ కణాలలోకి చేరి ఉంటుంది.

అది కాలేయాన్ని ఎక్కడ దెబ్బతీస్తుందో తెలియాలంటే పెన్నా కాలువల కింది సాగును తలుచుకుంటే చాలు. సంగం ఆనకట్ట నుంచి వచ్చే నీరు ముందు కాలువ మొదట్లోని మళ్ళకు, చివరకు తోక ఆయకట్టుకు అందుతుంది. కాలేయం కూడా ఒకటి రెండు మిల్లీమీటర్ల చిన్న చిన్న ఖండికలుగా అమరి ఉంటుంది. రక్తం ఒక్కొక్క ఖండిక అంచుల దగ్గర ప్రవేశించి, కణాల వరుసల మధ్యగా పారి, నడుమనున్న సిరలో కలుస్తుంది. ఆక్సిజన్ అంచు కణాలకు ఎక్కువగా, సిర చుట్టూ ఉన్నవాటికి తక్కువగా అందుతుంది. అందుకే రక్తపోటు పడిపోయినప్పుడు, కరువులో తోక మళ్ళు ముందు ఎండినట్టు, సిర చుట్టూ ఉన్న కణాలే ముందు చనిపోతాయి. ఎల్లో ఫీవర్ మాత్రం మొదటి మళ్ళనూ, చివరి మళ్ళనూ చాలావరకు వదిలిపెట్టి, నడిమి పట్టీని ఎండబెడుతుంది. నన్ను ఈ జబ్బులో అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఇదే.

అక్కడి కణాలలో చాలా భాగం పగిలి చిందరవందర కావు. తమను తామే ముగించుకునే పద్ధతిలో ముడుచుకుపోయి గుండ్రని ముద్దలవుతాయి. రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే గులాబీ రంగులో కనిపించే ఈ ముద్దలను, 19వ శతాబ్దం చివర వర్ణించిన అమెరికా వైద్యుని పేరు మీద కౌన్సిల్‌మన్ దేహాలంటారు. ఇంత విధ్వంసం జరిగినా ఆ చోట వాపు తెచ్చే తెల్ల రక్తకణాల గుంపు పెద్దగా కనబడదు.

ఇక బయట కనిపించే లక్షణాలన్నీ ఆ పట్టీ నష్టంతో ముడిపడినవే. బిలిరుబిన్ అనే పసుపు రంగు పదార్థాన్ని పైత్యరసంలోకి పంపే పని కుంటుపడి కళ్ళు పచ్చబడతాయి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్లలో అధికభాగం కాలేయంలోనే తయారవుతాయి కాబట్టి, అవి తరిగిపోయి చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి, జీర్ణకోశంలో రక్తం కారుతుంది. కడుపులోని ఆమ్లం తగిలిన రక్తం నల్లబడి వాంతిగా వస్తుంది. స్పానిష్ మాట్లాడే దేశాలలో ఈ జబ్బుకు 'నల్ల వాంతి' అన్న పేరు అలాగే వచ్చింది. రక్తపరీక్షలో ఇంకొక విశేషం ఉంది: కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే రెండు ఎంజైములలో, మామూలు వైరల్ కామెర్లలో సాధారణంగా ఏ.ఎల్.టి. ఎక్కువగా ఉంటే, ఇందులో ఏ.ఎస్.టి. దానిని మించుతుంది, ఎందుకంటే గుండె కండరం, ఒంటి కండరాలు కూడా దెబ్బతింటాయి. మూత్రపిండాలు కూడా దెబ్బతిని మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతుంది. రెండవ దశకు చేరినవారిలో దాదాపు సగం మంది 7 నుంచి 10 రోజులలో మరణిస్తారు.

బతికి బయటపడినవారి కాలేయం మాత్రం సాధారణంగా మచ్చ లేకుండా కోలుకుంటుంది. కణాలు చనిపోయినా, వాటిని నిలబెట్టిన సన్నని పీచు అల్లిక చెక్కుచెదరదు. గట్లు నిలిచి ఉన్న మడిలో మళ్ళీ నాట్లు పడినట్టు, మిగిలిన కణాలు విభజన చెంది ఆ ఖాళీని నింపుతాయి. సిరోసిస్, అంటే కాలేయం మచ్చలతో గట్టిపడడం, మిగలకపోవడానికి కారణం అదే.

వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు వాడుకలో లేదు. ద్రవాలు, రక్తం ఎక్కిస్తూ కాలేయానికి కోలుకునే సమయం ఇవ్వడమే వైద్యం. రక్తస్రావాన్ని పెంచే ఆస్పిరిన్‌ను దగ్గరికి రానీయకూడదు. మాక్స్ థైలర్ బృందం 1937లో వెల్లడించిన 17డి టీకా ఈ రోజుకీ పనిచేస్తున్నది. దానికి ఆయనకు 1951లో నోబెల్ బహుమతి దక్కింది. కృష్ణపట్నం రేవు నుంచి ఓడలెక్కేవారైనా, పని మీద ఆఫ్రికాకు వెళ్ళే మన పిల్లలైనా, జబ్బు ఉన్న దేశంలో అడుగుపెట్టడానికి కనీసం 10 రోజుల ముందు ఆ టీకా వేయించుకోవాలి. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే ధ్రువపత్రం చెల్లుబాటయ్యేది ఆ 10 రోజులు నిండిన తరువాతే.