భౌతికశాస్త్రంలో "ఇప్పుడు"కి చోటు లేకుండా పోయిన కథ

కాలం నిజంగా నడుస్తోందా, లేక నిన్నా రేపూ కూడా నేడు ఉన్నంత గట్టిగానే ఉన్నాయా? ఈ గొడవ మొదలై వందేళ్లు దాటింది.

న్యూటన్ లెక్కలో విశ్వమంతటికీ ఒకే కాలం, ఒకే "ఇప్పుడు". 1905లో ఐన్‌స్టీన్ సాపేక్షత సిద్ధాంతంతో దాన్ని తీసేశాడు. మీరు రోడ్డు మీద నిలబడి ఉన్నారు, ఇంకొకరు మిమ్మల్ని దాటుకుని ఆండ్రోమెడా గెలాక్సీ ఉన్న దిక్కుగా నడుస్తున్నారు అనుకోండి, అది దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది కాబట్టి అక్కడ "ఇప్పుడు" ఏం జరుగుతోంది అనే విషయంలో మీ ఇద్దరి లెక్కలకీ సుమారు నాలుగు రోజుల తేడా వస్తుంది. ఇద్దరి లెక్కా కరెక్టే! 1908లో గణితవేత్త మింకోవ్‌స్కీ స్థలాన్నీ కాలాన్నీ కలిపి నాలుగు పరిమాణాల్లో చూపించాక, అందరికీ చెల్లే "ఇప్పుడు" ఎక్కడుందో చెప్పే వీలే లేకుండా పోయింది.

అసలు ఘర్షణ 1922 ఏప్రిల్ 6న పారిస్‌లో, ఐన్‌స్టీన్‌కీ ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్‌కీ మధ్య జరిగింది. గడియారం కొలిచేది వేరు, మనం బతికే కాలప్రవాహం వేరు అన్నది బెర్గ్‌సన్ పట్టు. తత్వవేత్తల కాలమంటూ ఒకటి లేదు, ఉన్నవి భౌతిక కాలం, మనసుకి తోచే కాలం, అంతే అని ఐన్‌స్టీన్ తేల్చేశాడు. ఆయన నోబెల్ సాపేక్షతకి కాకుండా కాంతి విద్యుత్ ఫలితానికి (కాంతి తగిలితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు బయటికి రావడానికి) వచ్చినప్పుడు, బహుమతి ప్రసంగంలో నోబెల్ కమిటీ తరఫున అరేనియస్ బెర్గ్‌సన్ అభ్యంతరాన్ని పేరుపెట్టి ప్రస్తావించాడు.

ప్రయాణం చేసి తిరిగివచ్చిన గడియారం, కదలకుండా ఉన్నదాని కంటే వెనకబడుతుందని సాపేక్షత చెబుతుంది; నిజంగా వెనకబడదన్న బెర్గ్‌సన్ వాదన తప్పు. 1971లో విమానాల్లో అణు గడియారాలు తిప్పి చూశారు, కాలంలో తేడా వచ్చింది. కానీ ఆ ప్రయోగం ఆయన అసలు ప్రశ్నని తాకలేదు. గడియారాల తేడాని ఎంత కచ్చితంగా కొలిచినా, సంఘటనలు "జరుగుతూ ఉండటం" అంటే ఏమిటో అందులోంచి రాదు. ఈ సంగతి ఐన్‌స్టీన్‌నీ వదల్లేదు: "ఇప్పుడు" అనే సమస్య తనని తీవ్రంగా కలవరపెడుతోందని ఐన్‌స్టీన్ తనతో అన్నట్టు తత్వవేత్త కార్నాప్ తర్వాత రాశాడు.

1967లో తత్వవేత్త పట్నమ్, సాపేక్షత ప్రకారం భవిష్యత్తు కూడా ఇప్పటికే వాస్తవమేనని వాదించాడు. మరుసటి ఏడాదే ఇంకో తత్వవేత్త హోవర్డ్ స్టైన్ ఎదురుతిరిగాడు. "జరిగిపోయింది" అన్న మాటని విశ్వమంతటికీ పరచకుండా, ఒక్కో సంఘటనకీ దాని గతం మేరకే వాడితే సాపేక్షతలో కూడా సంఘటనలు "జరుగుతూ ఉండటానికి" చోటుందన్నాడు. నాకు ఇదే సరైన దారి అనిపిస్తుంది. ఈమధ్య జెనీవా భౌతికశాస్త్రవేత్త నికొలా గిసిన్ ఇంకో వైపునుంచి వస్తున్నాడు: అంతులేని దశాంశాలున్న సంఖ్యలు ముందే పూర్తిగా ఉన్నాయని అనుకోవడం వల్లే సమీకరణాల్లో భవిష్యత్తు ముందే తేలిపోయినట్టు కనిపిస్తోందని, ఆ అంకెలు కాలంతోపాటే పుడతాయనుకుంటే కొత్తదనానికి మళ్లీ చోటు దొరుకుతుందని.