గ్రాండ్ పియానో ట్రెబుల్ (పై స్వరాల) నాదం: అపోహలు - వాస్తవాలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల చర్చిల్లోనూ ఇళ్లల్లోనూ పియానోలు శృతి చేస్తుంటాను. ఎక్కువగా వినే మాట ఒక్కటే: "పై స్వరాలు టక్కుమంటున్నాయండీ, మోగడం లేదు."

అపోహ: పెద్ద పియానో కొంటే పై స్వరాలు బాగుంటాయి.

పొడవు వల్ల అసలు లాభం మంద్ర స్వరాలకే. చిట్టచివరి కీ తీగ 5 అడుగుల పియానోలోనైనా 9 అడుగుల దానిలోనైనా దాదాపు 5 సెంటీమీటర్లే. ఆ కాస్త తీగ సెకనుకు 4186 సార్లు కంపించాలి. తీగను కొట్టే హ్యామర్ ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ తగిలినా నాదం చచ్చిపోతుంది. బ్రాడీపేటలో ఒకరు పియానో అమ్మేద్దామనుకున్నారు. కీలు, హ్యామర్లు ఉండే యాక్షన్‌ను కొంచెం కొంచెం జరుపుతూ, ప్రతిసారీ అదే కీ నొక్కి విన్నాను. ఒకచోట గొంతు విప్పింది. ఇంకా వాళ్లింట్లోనే ఉంది.

అపోహ: డూప్లెక్స్ ఉంటే చాలు, ట్రెబుల్ దానంతటదే మెరుస్తుంది.

పియానోల కంపెనీ స్టైన్‌వే 1872లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. హ్యామర్ తగలని తీగ ముక్కలు కూడా తోడుగా మోగేలా వాటికి కొలత పెట్టారు. 1873లో జర్మనీ పియానోల తయారీదారు బ్లూత్నర్ ఇంకో దారి పట్టాడు: ట్రెబుల్‌లో మూడు తీగల పక్కన, హ్యామర్ తగలని నాలుగో తీగ. రెండూ గొప్ప ఆలోచనలే. అయినా నేను ముందు చూసేది క్యాపో బార్‌ని. హ్యామర్ కింది నుంచి కొడుతుంది, తీగ పైకి ఎగరబోతుంది. దాన్ని పైనుంచి అదిమిపట్టే ఇనుప కడ్డీ అది. పారిస్‌లో పియానోలు చేసే ఆంత్వాన్ బోర్ 1843లో తెచ్చాడు. తీగ ఆనే ఆ అంచు సన్నగా, నున్నగా ఉండాలి. ఏళ్ల తరబడి ఒరిసి గాడి పడితే నాదం అక్కడే పోతుంది, డూప్లెక్స్ ముక్కలు బుస్సుమంటాయి. తంబురాలో తీగ కింద దారం గోరంత జరిగితే నాదమంతా మారిపోతుంది కదా, ఇదీ అంతే. అంచు సరిచేయకుండా కొత్త తీగలు వేయించడం డబ్బు దండగ.

అపోహ: హ్యామర్ ఎంత గట్టిగా ఉంటే స్వరం అంత స్పష్టం.

హ్యామర్ తగిలి వెంటనే తప్పుకోవాలి. బరువైనదీ, అరిగి చదునైనదీ తీగ మీద క్షణం ఎక్కువ ఉండిపోయి తను పుట్టించిన నాదాన్ని తనే నొక్కేస్తుంది. మరీ గట్టిపరిస్తే చెక్క చప్పుడే మిగులుతుంది. అలా పాడైన ఫెల్ట్ (హ్యామర్‌కు చుట్టే ఒత్తు ఉన్ని) చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: వానల్లో శృతి పెరిగితే తీగలు పాడైనట్టే.

తీగలకేం కాలేదు. తీగల కింద ఉండే సౌండ్‌బోర్డ్ చెక్క తేమ పీల్చి ఉబ్బి, తీగలు ఆనే బ్రిడ్జిని పైకి నెట్టి తీగలను బిగించింది. తొలకరి పడగానే నన్ను పిలవకండి, తేమ నిలకడపడ్డాక పిలవండి. ఏసీ గాలి నేరుగా తగిలే గోడ పక్కన మాత్రం పియానో పెట్టకండి.