‘ముందు కట్టేయండి, తర్వాత వస్తాయి’: ఆరోగ్యశ్రీపై అపోహలు - వాస్తవాలు

పోయిన నెలలో ఒకావిడ నా డెస్క్ ముందు కూర్చుని పాలిథిన్ కవరు విప్పింది. రేషన్ కార్డు, ఇద్దరి ఆధార్లు, డిశ్చార్జి కాగితాలు, అన్నిటికంటే అడుగున నాలుగు మడతలు పెట్టిన గోల్డ్ లోన్ రసీదు. మెడలో పసుపుతాడు ఒక్కటే ఉంది. భర్తకు వేరే ఊళ్లో, వేరే ఆసుపత్రిలో స్టెంట్ వేయించి లక్షా నలభై వేలు కట్టారట. “ఆరోగ్యశ్రీ ఆగిపోయిందన్నారమ్మా, అందుకే ముందు కట్టేశాం. ఈ బిల్లులు పెడితే ఎన్ని రోజుల్లో వస్తాయి?” అని అడిగింది.

రావు. పన్నెండేళ్లుగా ఈ డెస్క్ దగ్గర నేను చెప్పిన మాటలన్నిటిలో అత్యంత కష్టమైనది ఇదే. ఆంధ్రప్రదేశ్‌లో పథకం పేరు ఎన్టీఆర్ వైద్యసేవ అయ్యాక మా ఉద్యోగం పేరూ మారింది. జనం మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు, ఆసుపత్రిలో పేషెంట్లను పథకంలో రిజిస్టర్ చేసే నన్ను ఆరోగ్యమిత్ర అనే పిలుస్తారు. కాబట్టి ఇక్కడా ఆ పేర్లే వాడుతున్నాను.

అపోహ: ముందు డబ్బు కడితే ఆరోగ్యశ్రీ కింద తర్వాత తిరిగి ఇస్తారు.

ఇది ఎక్కడి నుంచి పుట్టిందో నాకు తెలుసు. ప్రభుత్వ ఉద్యోగులకు మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఉంది. ప్రైవేటు ఇన్సూరెన్సులోనూ బిల్లులు పెట్టి డబ్బు తెచ్చుకోవచ్చు. బంధువుల్లో ఒక టీచరుకు అలా వచ్చి ఉంటుంది, అదే ఆరోగ్యశ్రీకీ వర్తిస్తుందని అనుకుంటారు. వర్తించదు. ఆరోగ్యశ్రీ మొదటి నుంచీ నగదు రహితం. డబ్బు ఈ పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు నుంచి ఆసుపత్రికి వెళ్తుంది. మధ్యలో పేషెంటు చేతికి వచ్చే దారే లేదు. వైద్యం మొదలుపెట్టే ముందే మేం రిజిస్టర్ చేయాలి, ఆసుపత్రి ప్రీ-ఆథ్ (ముందస్తు అనుమతి కోసం దరఖాస్తు) పెట్టాలి, ట్రస్టు డాక్టర్లు చూసి ఆమోదించాలి. ఆపరేషన్ అయిపోయాక వెనక్కి వెళ్లి ప్రీ-ఆథ్ తీసుకోవడం కుదరదు.

“ఎమర్జెన్సీలో అవన్నీ ఎక్కడ కుదురుతాయి? ప్రాణం పోతుంటే కాగితాలు చూసుకుంటామా?” అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అందుకే ఎమర్జెన్సీ కేసుల్లో ఫోన్ మీదే అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే వీలుంది. కాగితాలు తర్వాత. కార్డు ఇంట్లో మర్చిపోయినా ఆధార్ నంబరు చెబితే చాలావరకు వివరాలు దొరుకుతాయి. మీరు చేయాల్సింది ఒక్కటే: క్యాష్ కౌంటర్ కంటే ముందు ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడుందో అడగండి. డెస్క్ దగ్గర ఎవరూ లేకపోతే 104 హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

ఇంకో సంగతి. అడ్మిషన్ కాగితాల్లో ‘సొంత ఖర్చుతో వైద్యం చేయించుకుంటున్నాం’ అని ఒక పేజీ ఉంటుంది. ఆవిడ కాగితాల్లోనూ ఉంది, కింద ఆమె కొడుకు సంతకం. ఏమిటో చదవలేదట, “అన్ని చోట్లా పెట్టమంటే పెట్టేశాను” అన్నాడు. ఆ సంతకం పడ్డాక మేం చేయగలిగింది చాలా తక్కువ. ఆరోగ్యశ్రీలో చేర్చుకున్నాక కూడా ఆసుపత్రి డబ్బు వసూలు చేస్తే అది వేరే విషయం. అది నిబంధనలకు విరుద్ధం, రసీదుతో ఫిర్యాదు చేస్తే వెనక్కి ఇప్పించిన కేసులు నేనే చూశాను. రసీదు ఇవ్వనంటే అక్కడే అనుమానించాలి.

సీఎం సహాయనిధికి బిల్లులు పెట్టుకోమని ఆవిడకు చెప్పాను. ఎమ్మెల్యే ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. ఎంత ఇవ్వాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది, కట్టినదంతా వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

అపోహ: ఆసుపత్రులకు ప్రభుత్వం బకాయి పడింది కాబట్టి ఆరోగ్యశ్రీ ఆగిపోయింది.

బకాయిలు నిజం. 2025 సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో నెట్‌వర్క్ ఆసుపత్రులు (పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు) బకాయిల కోసం సేవలు ఆపిన మాటా నిజం. తర్వాత చర్చలు జరిగాయి, సేవలు మొదలయ్యాయి. కానీ ఆ రోజుల నాటి వార్త క్లిప్పింగు వాట్సాప్‌లో తేదీ లేకుండా ఇంకా తిరుగుతూనే ఉంది. నెలలు గడిచాక కూడా అది చూసి జనం బంగారం తాకట్టు పెడుతున్నారు. దయచేసి ఆ క్లిప్పింగు ఇంకొకరికి పంపకండి. సమ్మె జరుగుతున్నప్పుడు కూడా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇవే కేసులు చేస్తారు. విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, తిరుపతి స్విమ్స్, హైదరాబాద్ నిమ్స్ అన్నీ ఈ పథకాల్లో ఉన్నవే.

బకాయి ఎలా పేరుకుంటుందో కూడా చెప్పాలి. పేషెంటు ఇంటికి వెళ్లాక ఆసుపత్రి క్లెయిమ్ పెడుతుంది. ట్రస్టు ఆమోదిస్తుంది. ఆమోదం అయినంత మాత్రాన డబ్బు పడదు, ఆర్థిక శాఖ విడుదల చేయాలి. జీతాలు, పింఛన్లు, అప్పుల వడ్డీలు ఆపలేరు కాబట్టి ఖజానాలో ఇబ్బంది ఉన్న నెలలో వేచి ఉండేది ఈ బిల్లులే. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి తట్టుకుంటుంది. యాభై పడకల ఆసుపత్రి డాక్టరు మందుల డిస్ట్రిబ్యూటరుకు ఏం చెప్పాలి, నర్సులకు జీతాలెలా ఇవ్వాలి? అలాంటి డాక్టరు ఒకాయన మా డెస్క్ దగ్గరే నిలబడి, “ఎప్పుడు పడతాయో ఒక్క తేదీ చెప్పండమ్మా, అప్పటిదాకా ఎలాగో నెట్టుకొస్తాను” అని అడిగారు. నా దగ్గర ఆ తేదీ లేదు. ఆయన మీద నాకు కోపం రాదు. కానీ ఆ బకాయిని పేషెంటు మీదకు తోసే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. అది ట్రస్టుకూ ఆసుపత్రికీ మధ్య లెక్క. “మీ కేసు డబ్బులు ఇంకా రాలేదు, మీరు కట్టండి” అని డిశ్చార్జి అయ్యాక ఫోన్ వస్తే కట్టకండి, 104కు చెప్పండి.

అపోహ: పరిమితి 25 లక్షలు చేశారంటే 25 లక్షల వైద్యం ఎక్కడైనా ఉచితం.

2023 డిసెంబరులోనే ఆంధ్రలో పరిమితి 25 లక్షలకు, తెలంగాణలో 10 లక్షలకు పెరిగింది. ఇది కుటుంబానికి ఏడాదికి పైకప్పు మాత్రమే. ఆసుపత్రికి వచ్చేది ప్యాకేజీ రేటు, అంటే ఒక్కో వైద్యానికి ముందే ఖరారు చేసిన మొత్తం. పరిమితి పెంచినంత మాత్రాన ప్యాకేజీ పెరగదు, నా డెస్క్‌కు వచ్చే కేసుల్లో అత్యధికం ఆ పైకప్పు దగ్గరికి కూడా వెళ్లవు. పరిమితి పెంచారన్న వార్తకు వచ్చే సంబరం ప్యాకేజీ రేట్లు సవరించారన్న వార్తకు రాదు. నిజానికి మీ ఊరి ఆసుపత్రి ఈ పథకంలో ఉంటుందా లేదా అన్నది తేలేది రెండోదాని వల్లే. తెలంగాణలో 2024లో చాలా ప్యాకేజీల రేట్లు పెంచారు. పెంచిన రేటు కూడా సమయానికి అందాలి కదా.

అపోహ: ఇన్సూరెన్స్ కంపెనీకి ఇస్తే పథకం పోయినట్టే.

2025 సెప్టెంబరులో ఆంధ్ర మంత్రివర్గం ఆమోదించిన పద్ధతిలో రెండున్నర లక్షల వరకు ఇన్సూరెన్స్ కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు చూస్తాయి. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది కూడా ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారానే. కంపెనీ ప్రీ-ఆథ్‌లు తిరస్కరిస్తుందేమోనన్న భయం నాకూ ఉంది. దానికి నేను చూసే కొలత ఒక్కటే: తిరస్కరించినప్పుడు కారణం తెలుగులో రాసి ఇస్తున్నారా, అప్పీలుకు ఒక మనిషి దొరుకుతున్నాడా.

మిగతావి త్వరగా. ప్రభుత్వం మారితే కార్డు చెల్లదన్నది అబద్ధం, కార్డు మీద ఎవరి ఫోటో ఉన్నా కంప్యూటరు చూసేది మీ వివరాలే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ ఎందుకు, ఎలాగూ ఉచితమే కదా అనకండి. మీ కేసు రిజిస్టర్ అయితే ఆ ఆసుపత్రికి డబ్బు వస్తుంది, పరికరాలు కొనుక్కుంటుంది. ఓపీకి, జలుబు జ్వరాలకు మాత్రం ఆరోగ్యశ్రీ అడగవద్దు.

స్టెంట్ వేయించుకున్న ఆ పెద్దాయన మందులు ఆపకూడదు. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో గుండె మందులు తీసుకునేలా చీటీ రాయించి, ఏ రోజు వెళ్లాలో ఆవిడ గోల్డ్ లోన్ రసీదు వెనకే రాసిచ్చాను. ఆవిడ దగ్గర పారేయకుండా ఉంచుకునే కాగితం అదొక్కటే అనిపించింది.